టీ తీసేసిన గురువారం

నాకు అసూయ పుట్టింది 2014 మార్చి 6, గురువారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది కాబట్టి టైము గుర్తుంది. అంతకుముందు నేను అసూయ ఎరగనిదాన్నని కాదు. తోడికోడలి నగల మీద, పక్కింటివాళ్ళ గులాబీల మీద అందరికీ ఉండేపాటిది నాకూ ఉండేది. ఉద్యోగంలో, అదీ నేను చెయ్యిపట్టి నడిపించిన మనిషి మీద కడుపు మండడం మాత్రం అదే మొదలు.

ఈ దేశంలో బళ్ళలో పనికి చేరుతున్న మన ఆడపిల్లలు ఈమధ్య చాలామంది కనిపిస్తున్నారు. మీరు చదువుతారనే ఇది రాస్తున్నాను. నీతి కోసం వెతక్కండి. ఏం జరిగిందో వరసగా చెబుతాను, అంతే.

మాది లండన్‌కి గంట దూరంలో, కారు లేకపోతే గడప దాటలేని ఆఫీసుల ఊరు. అక్కడి స్పెషల్ స్కూల్లో నేను మొదట మధ్యాహ్నం భోజనాల దగ్గర, తరవాత క్లాసులో అసిస్టెంటుగా, చివరి పదేళ్ళూ ఫ్యామిలీ వర్కర్‌గా పనిచేశాను. ఫ్యామిలీ వర్కర్ అంటే ఇంటికీ బడికీ మధ్య మనిషి.

మామూలు బడికి గేటు ఉంటుంది. పొద్దున పిల్లల్ని దింపేటప్పుడు, మధ్యాహ్నం తీసుకెళ్ళేటప్పుడు తల్లులు అక్కడ నిలబడతారు. "మీ వాడికి జ్వరం తగ్గిందా?", "ఆ కొత్త టీచర్ మరీ స్ట్రిక్టట కదా" అనుకుంటారు. తల్లిదండ్రుల సంఘం సగం ఆ గేటు దగ్గరే జరిగిపోతుంది. మా బడికీ గేటు ఉంది కానీ దాని దగ్గర ఎవరూ నిలబడరు. మాటలు రాని పిల్లలు, నడక రాని పిల్లలు ఇరవై మైళ్ళ చుట్టుపక్కల నుంచి కౌన్సిల్, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, నడిపే మినీబస్సుల్లో వస్తారు. బస్సు ఇంటి ముందు ఆగుతుంది. ఎస్కార్ట్ అనే ఆవిడ దిగి పిల్లవాణ్ణి చెయ్యిపట్టుకుని ఎక్కిస్తుంది. తల్లి డ్రెస్సింగ్ గౌనులో గుమ్మం దగ్గర నిలబడి చెయ్యి ఊపుతుంది. అయిపోయింది. అయిదేళ్ళు ఒకే క్లాసులో చదివినా పక్క కుర్చీలో పిల్ల తల్లి మొహం ఈ తల్లికి తెలియదు. టీచర్ని చూసేది ఏడాదికొక్కసారి, పిల్లవాడికి ఏ సాయం ఇవ్వాలో తేల్చే రివ్యూ మీటింగులో. అక్కడ బల్లకి అటువైపు అయిదుగురు ఆఫీసర్లు, ఇటువైపు ఒక తల్లి, ఒక టిష్యూల డబ్బా.

అందుకని 2009 సెప్టెంబరు 17న గురువారం గుంపు మొదలుపెట్టాను. పాత వాచ్‌మన్ గది ఒకటి ఖాళీగా ఉంటే హెడ్‌టీచర్ని అడిగి తీసుకున్నాను. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా. తల్లులు, ఒకరిద్దరు తండ్రులు. వారానికొక టీచరు ఇరవై నిమిషాలు వచ్చి కూర్చోవాలి. నేను పెట్టిన నియమం ఒక్కటే. టీచర్ చేతిలో ఫైలు ఉండకూడదు, టీ కప్పు ఉండాలి.

దానివల్ల ఏం ఒరిగిందంటారా? ఒక పిల్ల మంగళవారం మంగళవారం బడికి రాగానే ఏడుపు మొదలుపెట్టి సాయంత్రం దాకా ఏడ్చేది. టీచర్ ఆ మాట టీ తాగుతూ అన్నారు. తల్లి వెంటనే, "మంగళవారం మా వీధికి చెత్త లారీ వస్తుంది. అది చూడకుండా బస్సెక్కితే దానికి రోజంతా పాడే" అంది. బస్సువాళ్ళతో మాట్లాడి ఆ ఒక్క రోజూ ఆ ఇంటిని చివర పెట్టించాను. ఏడుపు ఆగింది. ఇంటికీ బడికీ రోజూ తిరిగే పుస్తకం ఒకటి ప్రతి పిల్లవాడి సంచిలోనూ ఉంటుంది. అందులో "బాగా తిన్నాడు, హుషారుగా ఉన్నాడు" అని రాస్తారు. చెత్త లారీ సంగతి ఎవరు రాస్తారు? అది కప్పు చేతిలో ఉన్నప్పుడు నోటికొచ్చే మాట.

నేను చెప్పబోయే అమ్మాయి ఆ నవంబరులో వచ్చింది. ప్రొద్దుటూరు వైపు. భర్త సాఫ్ట్‌వేర్‌లో. అయిదేళ్ళ కొడుకు, ఒక్క మాట లేదు. మూడు వారాలు కోటు విప్పకుండా తలుపు పక్కన కుర్చీలో కూర్చుని వెళ్ళిపోయింది. నాలుగో వారం పక్కన కూర్చున్నాను.

"ఏం తాగుతావమ్మాయ్?"

"ఏం వద్దు ఆంటీ."

"వద్దంటే ఇక్కడ కుదరదు. చేతిలో కప్పు లేకపోతే ఇంగ్లీషువాళ్ళు నువ్వు వెళ్ళిపోతున్నావనుకుని బై చెప్పేస్తారు."

నవ్వింది. "అయితే చక్కెర రెండు చెంచాలు ఎయ్యండి. ఈడోళ్ళ టీ నాకు కషాయం మాదిరి ఉంటాది."

అక్కణ్ణించి ఆమె నా శిష్యురాలు. రివ్యూ మీటింగులో ఎలా మాట్లాడాలో ఆ గదిలోనే నేర్పాను. "ముందు వాడికి వచ్చేది చెప్పు. తరవాత రానిది చెప్పు. చివర నీకు కావలసింది ఒక్కటే అడుగు. మూడడిగితే మూడూ రాసుకుని ఒక్కటీ ఇవ్వరు." చిలకలా అప్పజెప్పించాను. ఏడిస్తే ఆపి మళ్ళీ మొదటినుంచి చెప్పించాను. ఆ ఏడాది కొడుక్కి స్పీచ్ థెరపీ వారానికి రెండుసార్లు సంపాదించుకుని వచ్చి, అందరి ముందూ వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఇంగ్లీషు తల్లులు ఆమె చెవిపోగు పడిపోయిందనుకుని వాళ్ళూ వంగి నేల మీద వెతికారు.

ఇక 2014 మార్చి 6. ఆ రోజు కొత్తగా ఒక ఇంగ్లీషు తల్లి వచ్చింది. లారీ డ్రైవరు భార్య. ఆరేళ్ళ కొడుకు రాత్రి రెండు గంటలకు మించి పడుకోడు. కళ్ళ కింద నల్లగా చారలు. "ఏం చెయ్యమంటారు?" అని నన్నే అడిగింది. నాకు తెలిసినదంతా చెప్పాను. జీపీని, అంటే ఇంటి డాక్టర్ని, ఏమని అడగాలో, నిద్ర క్లినిక్‌కి ఎవరు రాయాలో, కిటికీలకి ఎలాంటి కర్టెన్లు వెయ్యాలో చెప్పాను. ఒక్క తప్పు లేదు అందులో. ఆమె తల ఊపుతోంది గానీ కళ్ళు ఎక్కడో ఉన్నాయి.

మా ప్రొద్దుటూరు అమ్మాయి ఆమె మోచేతి మీద చెయ్యి వేసింది. "మైన్ టూ, లవ్. ఫోర్ ఇయర్స్" అంది. ఆ 'లవ్' అనే పిలుపు మినీబస్సు ఎస్కార్ట్ దగ్గర నేర్చుకుంది.

అంతే. ఆ లారీ డ్రైవరు భార్య కుర్చీ ఎత్తకుండా అలాగే అటు తిప్పుకుంది. కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. నాకు వీపు కనిపించింది. ఆ వీపు ఆమె భుజం మీద వాలి ఏడ్చింది. నేను టీపాట్ పట్టుకుని నిలబడ్డాను. పది గంటల పది నిమిషాలు.

నా దగ్గర అయిదేళ్ళ అనుభవం ఉంది, రెండు సర్టిఫికెట్లు ఉన్నాయి. ఆమె దగ్గర అయిదు మాటలున్నాయి. ఆ అయిదు మాటలూ నేను ఎన్నేళ్ళు చదివినా అనలేను. నా కూతురు కేంబ్రిడ్జిలో డెంటిస్టు. కొడుకు వాట్‌ఫర్డ్‌లో అకౌంటెంటు. ఆ గదిలో వాళ్ళ సంగతి నేను ఎప్పుడూ ఎత్తేదాన్ని కాదు. ఒకసారి ఎవరో అడిగితే చెప్పాల్సివచ్చింది. "మీకేం ఆంటీ" అంది మా ప్రొద్దుటూరు అమ్మాయి నవ్వుతూ. కుళ్ళుతో అన్నది కాదు. ఎండాకాలంలో నీడన ఉన్నవాణ్ణి "నీకేం" అన్నట్టే అంది. కానీ ఆ గదిలో నీడన ఉన్నది నేనొక్కదాన్నే. వాళ్ళందరికీ ఉన్న కష్టం నాకు లేదు. దాన్ని ఎవరూ కోరుకోరు, నేనూ కోరుకోలేదు. ఆ కష్టం వల్ల ఒకరి పక్కన ఒకరికి దొరికిన చోటు మాత్రం నాకు కావాలనిపించింది. వినడానికి బాగుండదు. ఉన్నది అదే.

అప్పటినుంచి ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో చూడడం మొదలుపెట్టాను. బిస్కెట్లు మార్చి మంచివి తెచ్చాను. నిద్ర మీద మాట్లాడడానికి ఒక స్పెషలిస్టుని పిలిపించాను. ఆయన బొమ్మలు చూపిస్తూ మాట్లాడుతుంటే, నా తల్లులు వెనకాల మా అమ్మాయి చుట్టూ చేరి గుసగుసలాడారు. ఆయన స్లైడు మార్చినప్పుడల్లా వెనకనుంచి నవ్వు వినబడేది.

అక్టోబరులో ఒక రోజు మినీబస్సు ఎస్కార్ట్ నన్ను వరండాలో ఆపింది. అరవై దాటిన ఇంగ్లీషావిడ.

"శనివారం నువ్వూ వస్తున్నావుగా? ఆ పసుప్పచ్చటి మరమరాల తిండి అంటే నాకు పిచ్చి. దాంతోపాటు ఆ మిరపకాయ బజ్జీలు! నోరు మండిపోతుంది అనుకో, అయినా ఆపలేం."

"ఏ శనివారం?"

ఆవిడ మొహం మారింది. "ఓ" అని, ఏదో పనున్నట్టు బస్సెక్కేసింది.

ఉగ్గాని, బజ్జీ. ప్రొద్దుటూరు వాళ్ళ ఇంట్లో ఉగ్గాని తప్ప ఇంకేమౌతుంది. అంటే శనివారాలు ఆ అమ్మాయి ఇంట్లో ఇంకో గుంపు నడుస్తోంది. మినీబస్సు ఎస్కార్ట్‌కి పిలుపుంది. నాకు లేదు.

ఆ శనివారం సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి పెరుగు తెస్తానని మావారితో చెప్పి బయల్దేరాను. వాళ్ళ వీధి సూపర్‌మార్కెట్ దారిలో లేదు. కారు ఆపలేదు గానీ రెండుసార్లు తిరిగాను. వీధిలో తొమ్మిది కార్లున్నాయి. తొమ్మిదీ ఎవరివో చెప్పగలను. వెనక సీటుకి గట్టి బెల్టు ఉన్న నీలంది, అద్దం అంచు రబ్బరు మీద పిల్లవాడి పళ్ళ గాట్లున్న ఎర్రది, లారీ డ్రైవరు భార్యది. మావారు "పెరుగేదీ?" అంటే, దొరకలేదన్నాను. ఇంగ్లండులో పెరుగు దొరకలేదంటే నమ్మిన మనిషి ఆయన.

గురువారం మా అమ్మాయి కప్పులు కడుగుతుంటే పక్కన నిలబడ్డాను.

"శనివారాలు కలుస్తున్నారటగా. నాకు చెప్పలేదే?"

"అయ్యో, చెప్పకూడదని కాదు ఆంటీ. మీరు స్కూలు మనిషి కదా. మీరుంటే వాళ్ళు స్కూలును తిట్టుకోల్యారు."

"తిట్టుకోడానికా మీటింగు?"

"సగం దానికే ఆంటీ" అని పకపకా నవ్వింది. "మీరు అత్తగారింట్లో ఉండి అత్తను తిట్టుకునేదానికి యాడికి పోయినారు చెప్పండి? పక్కింటికే కదా?"

"మరి ఎస్కార్టు? ఆవిడ స్కూలు మనిషి కాదూ?"

"ఆమె తినేదానికి వస్తాది, పాపం."

నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదని. గుడ్డతో కప్పు తుడుస్తూ తుడుస్తూ పిడి ఊడదీశాను.

ఆ తరవాత ఏడాదిన్నర రెండు గుంపులూ నడిచాయి. గురువారం టీచర్లతో మాట్లాడుకునేవాళ్ళు, శనివారం టీచర్లని ఆడిపోసుకునేవాళ్ళు. నిజం చెప్పాలంటే రెండూ అవసరమే. ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం గురువారం ఒక్క కుర్చీ ఖాళీగా ఉన్నా అది శనివారం మింగేసిందనే అనిపించేది.

2015 చివర్లో మినీబస్సుల విషయంలో కౌన్సిల్ ఆలోచన ఒకటి బయటికొచ్చింది. ఇకమీదట బస్సు ఇంటింటికీ రాదు. నాలుగైదు వీధులకి కలిపి ఒక స్టాపు, తల్లులు పిల్లల్ని అక్కడికి తీసుకురావాలి. కాగితం మీద చక్కగా ఉంది. చెయ్యి వదిలితే రోడ్డు మీదికి పరుగెత్తే పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి వానలో స్టాపులో పదిహేను నిమిషాలు పట్టుకుని నిలబడే తల్లి ఎవరో ఆ కాగితంలో లేదు. జనం మాట వినడానికి 2016 ఫిబ్రవరి 9, మంగళవారం సాయంత్రం ఆరున్నరకి మీటింగు పెట్టారు. స్కూలు ఉద్యోగులెవరూ అక్కడ నోరు విప్పకూడదని హెడ్‌టీచర్ మాకు ముందే చెప్పారు. మాట్లాడబోయేది మా అమ్మాయి అని శనివారం వాళ్ళే నిర్ణయించుకున్నారు.

నాతో ఒక్కసారైనా ఆ మాటలు చెప్పి చూసుకుంటుందని జనవరి అంతా ఎదురుచూశాను. రాలేదు.

నేను మూడో వరసలో కూర్చున్నాను. ఆమె మైకు దగ్గరికి వచ్చింది. నీలం రంగు చీర, దాని మీద చలికోటు. చేతిలో కాగితం లేదు.

"మా అబ్బాయికి ఈత వచ్చు" అని మొదలుపెట్టింది ఇంగ్లీషులో. "బొమ్మలు చూసి ఏం కావాలో చూపించగలడు. నేను వంట చేస్తుంటే ఉల్లిపాయలు అందిస్తాడు."

ముందు వచ్చేది చెప్పు.

"రోడ్డంటే ఏమిటో వాడికి తెలియదు. కారు వాడికి గాలి లాంటిది, పక్కనుంచి పోతుందనుకుంటాడు."

తరవాత రానిది చెప్పు.

"మేం అడిగేది ఒక్కటే. బస్సు మా గుమ్మం ముందే ఆగాలి."

ఒక్కటే అడుగు. కౌన్సిలర్లలో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పక్కనున్నావిడ నా చెవిలో, "ఎంత బాగా మాట్లాడుతోందో! పుట్టుకతో వచ్చుండాలి" అంది. పుట్టుకతో! ఆ మాటల్లో ఏది ముందు ఏది వెనక అని ఏడేసిసార్లు అప్పజెప్పించుకున్న నేను ఆవిడ పక్కనే కూర్చుని ఉన్నాను.

అరగంట తరవాత ఆ ఆలోచన మానుకుంటున్నామని ప్రకటించారు. హాలు లేచి నిలబడింది. మా అమ్మాయి మళ్ళీ మైకు పట్టుకుని ఒక్కొక్కరికే థాంక్స్ చెప్పింది. లారీ డ్రైవరు భార్యకి, ఎస్కార్ట్‌కి, పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లో ఉన్న తండ్రులకి. చివర నా వైపు చెయ్యి చాపింది.

"అక్కడ మా ఆంటీ ఉన్నారు. ఏడేళ్ళు ప్రతి గురువారం మాకు టీ పెట్టారు."

అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. కౌన్సిలర్లు కూడా. ఆమె ఆ తరవాత ఇంకేదో అంది, అది నాకు వినపడలేదు. టీ పెట్టారు. నేను. టీ. పైగా ఏడేళ్ళు కూడా కాదు, ఆరేళ్ళ అయిదు నెలలు కూడా అప్పటికి నిండలేదు.

రెండు రోజులకి గురువారం వచ్చింది. ఫిబ్రవరి 11. నేను ఎనిమిదింటికే బడికి వెళ్ళి కెటిల్, కప్పులు, బిస్కెట్ల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. గుండ్రంగా వేసి ఉండే కుర్చీలని వరసలుగా వేశాను. ఏడు అంశాలతో ఎజెండా టైపు చేసి కుర్చీకొకటి పెట్టాను. అది మంచి ఎజెండా. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

ముందు వచ్చిన లారీ డ్రైవరు భార్య చుట్టూ చూసింది. "కెటిల్ పాడయిందా?"

"లేదు. ఇది మీటింగు. టీ ఇంటి దగ్గర తాగి రావచ్చు."

ఆ వారం వంతు వచ్చిన టీచర్ ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నారు. తల్లులు కోట్లతోనే కూర్చున్నారు. మా అమ్మాయి పావుగంట ఆలస్యంగా, చేతిలో స్వీటు డబ్బాతో నవ్వుకుంటూ వచ్చింది. గెలిచారు కదా. అటూ ఇటూ చూసి తెలుగులో అడిగింది.

"ఏమైంది ఆంటీ? కప్పులు యాడున్నాయి?"

"మొదటి అంశం నడుస్తోంది. కూర్చో."

మీటింగు అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"కోపమొచ్చిందా మీకు?"

"కోపమెందుకు? పద్ధతిగా ఉండాలని."

"నేనేమన్నా తప్పు మాట్లాడినానా ఆంటీ మొన్న?"

"ఏడేళ్ళన్నావు. ఆరేళ్ళ నాలుగు నెలల చిల్లర."

తమాషాకి అన్నాననుకుని నవ్వబోయింది. నా మొహం చూసి ఆపేసింది. స్వీటు డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఎవరూ తెరవలేదు, తెరిచి ఇవ్వడానికి ప్లేట్లు కూడా తాళంలోనే ఉన్నాయి.

ఇంట్లో మావారికి చెప్పాను. ఆయన హాస్పిటల్లో మత్తు డాక్టరుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. పేపరు దించకుండానే విన్నారు.

"నేను మత్తిచ్చిన ఒక్క రోగికి నా మొహం గుర్తులేదు. కళ్ళు తెరవగానే సర్జన్‌కి దణ్ణం పెట్టేవాళ్ళు, చాక్లెట్లు ఆయనకే ఇచ్చేవాళ్ళు."

"మీకు మండలేదా?"

"మండకేం, బాగా మండేది. అలాగని మత్తివ్వడం మానేశానా?"

లేచి వెళ్ళి పప్పులో తాలింపు వేశాను. ఆయన మాట తలకెక్కినా తాళం తీసేదాన్ని కాదేమో. నన్ను ఒకసారి టీ మనిషి అన్నాక, మళ్ళీ కెటిల్ పెడితే ఒప్పుకున్నట్టే కదా అని నా వాదన.

ఈస్టర్ సెలవులయ్యాక ఆరుగురు వచ్చారు. మే నెలలో ఇద్దరు. వాళ్ళలో ఒకరు ఎజెండా కాగితం వెనక షాపింగు చిట్టా రాసుకున్నారు. శనివారం గుంపు మాత్రం నడుస్తూనే ఉంది, అక్కడికి టీచర్లు వెళ్ళరు. జులైలో హెడ్‌టీచర్ నన్ను పిలిచి, మనుషులు రాని గదిని ఉంచలేనని మెల్లగా చెప్పారు. 2016 జులై 14 ఆఖరి గురువారం. ఆ రోజు ఎవరూ రాలేదు.

మా అమ్మాయి కొడుకు సెప్టెంబరులో పై క్లాసుకి మారాడు. కొత్త టీచరు, మంచి కుర్రాడు, పనిమీద శ్రద్ధ ఉన్నవాడు. నేను ఆ తల్లినీ ఈ టీచర్నీ మొదటిసారి ఒకే బల్ల దగ్గర చూసింది 2017 మార్చి 9న, పిల్లవాడి రివ్యూ మీటింగులో. మినిట్స్ రాయడం నా పని. బల్లకి అటు అయిదుగురు, ఇటు ఆమె.

మాట ఈత దగ్గరికి వచ్చింది. అక్టోబరు 6న పిల్లవాడు స్విమ్మింగ్ పూల్లోనే దొడ్డికి వెళ్ళాడు. రెండోసారి అలా జరగడం. పూలు ఖాళీ చేసి కడగాల్సివచ్చింది. రివ్యూ దాకా ఈత ఆపాలన్నది నియమం. ఆపేశారు. మిగతా పిల్లలు పూలుకి వెళ్ళినప్పుడు వాడు వరండాలో ఒక అసిస్టెంటుతో కూర్చునేవాడు, తువ్వాలు మెడలో వేసుకుని.

"పూల్లో చప్పుడు ఎక్కువ" అని టీచర్ వివరించాడు. "దానికి వాడు కంగారు పడుతున్నాడు. క్లాసులో కూడా అంతే. చప్పుడు రాగానే చెవి మూసుకుంటాడు. మేం చెవులకి హెడ్‌ఫోన్లు పెడుతున్నాం, విసిరికొడుతున్నాడు. పుస్తకంలో రాస్తూనే ఉన్నాను."

పుస్తకంలో రాశాడు, నేనూ చూశాను. 'చప్పుడు వల్ల ఇబ్బంది పడ్డాడు' అని.

మా అమ్మాయి తల ఎత్తింది. "ఏ చెవి?"

"అంటే?"

"రెండు చెవులా, ఒకటా? ఎలా మూసుకుంటాడు? చేసి చూపించండి."

టీచర్ కుడి అరచెయ్యి గిన్నెలా చేసి కుడి చెవి మీద పెట్టుకున్నాడు.

ఆమె ఆ చేతినే చూసింది. తరవాత మెల్లగా ఇంగ్లీషులో అంది. "అది చప్పుడు కాదు. అది టాయిలెట్. పోయిన వేసవి నుంచి ఇంట్లో అలాగే అడుగుతాడు. వాడంతట వాడు కనిపెట్టుకున్నాడు. ఆరు నెలలుగా మిమ్మల్ని అడుగుతున్నాడు."

టీచర్ చెయ్యి చెవి మీదే ఉండిపోయింది. నా పెన్ను ఆగిపోయింది. మినిట్స్‌లో ఆ భాగం నేను తరవాత నింపాను.

మీటింగయ్యాక వరండాలో ఆమె వెనకే వెళ్ళాను. గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంటోంది.

"నాకు చెప్పాలని తోచలేదు ఆంటీ" అంది. "ఇంట్లో మాకది అలవాటైపోయింది. పుస్తకంలో రాసేంత సంగతి అనుకోలేదు. గురువారం ఉండుంటే చెప్పుండేదాన్ని. 'మా వాడు ఇప్పుడు చెవి పట్టుకోని అడుగుతాడు చూడండి' అని మీ టీ తాగుతా చెప్పుండేదాన్ని. ఆ టీచరు పిల్లోడు ఈడనే కూర్చోనుండేవాడు కదా."

నన్నేమీ అనలేదు. అనివుంటే తేలికగా ఉండేది.

"వచ్చే గురువారం నుంచి మళ్ళీ పెడదాం" అన్నాను. "హెడ్‌టీచర్ని నేను అడుగుతాను. టీ పెడతాను."

"నాకు పొద్దునపూట కుదరదు ఆంటీ ఇప్పుడు. ఉద్యోగంలో చేరినా." కళ్ళు తుడుచుకుని చెప్పింది. ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల తరఫున ఆఫీసర్లతో మాట్లాడే ఉద్యోగం. ఒక బడికి కాదు, చుట్టుపక్కల బళ్ళన్నింటికీ. సొంత బిడ్డతో ఆ కష్టం తెలిసినవాళ్ళే కావాలని అడిగి మరీ తీసుకున్నారట.

అక్కడే, ఆ వరండాలోనే, ఆ పిల్లవాడి తువ్వాలు వంకెకి వేలాడుతుండగానే, నాకు మళ్ళీ కడుపు మండింది. "చాలా సంతోషం" అన్నాను. అర్హురాలు కాబట్టి సంతోషం కూడా నిజమే. రెండూ ఒకే కడుపులో పడతాయి, మీరూ చూస్తారు.

హెడ్‌టీచర్ని అడిగాను. గది ఇచ్చేశామన్నారు. హాల్లో ఒక మూల రెండు గురువారాలు కెటిల్ పెట్టి కూర్చున్నాను. ఒక తండ్రి వచ్చి టాయిలెట్ ఎటు అని అడిగి వెళ్ళాడు. 2019 జులైలో రిటైరయ్యాను. మా అమ్మాయి సెలవులో ఉండి వీడ్కోలుకి రాలేకపోయింది, కార్డు పంపింది. ఆమె ఏదో పెద్ద మీటింగులో మాట్లాడుతున్న ఫోటో ఈమధ్య ఎవరో చూపిస్తే, చీర బాగుంది అన్నాను. ఆమె ఏ మాట ముందు చెప్పి ఏది వెనక చెప్పివుంటుందో నాకు ఫోటోలోనే వినపడింది.

బస్సులు ఈ రోజుకీ ఇంటి ముందే ఆగుతున్నాయి. అది ఆమె సాధించింది, దాన్ని నా లెక్కలో వేసుకోను. నా లెక్కలో ఉన్నవి పోయినవే. ఒక గది, ఇప్పుడు అందులో వాడని వీల్‌చైర్లు ఉన్నాయి. నేను రిటైరయ్యేదాకా ఏడాదికి ముప్పై ఎనిమిది చొప్పున మూడేళ్ళకి నూట పద్నాలుగు గురువారాలు. తల్లులూ టీచర్లూ ఫైలు లేకుండా మాట్లాడుకునే ఒకే ఒక్క చోటు. నన్ను అడగకుండా ఏ మీటింగుకీ వెళ్ళని ఒక అమ్మాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా, సెలవులు తీసేస్తే, ఒక పిల్లవాడికి పద్దెనిమిది ఈతలు.